అక్క గిటారుకు కొన్న పాత యాంపు

నేను చదివింది ఐదో తరగతి దాకే. ట్రాలీ ఆటో నడుపుతాను. బిల్లు మీద సంతకం పెట్టడం తప్ప కాగితం మీద ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకుని చదవండి. మా అక్క గిటారు సంగతి మా ప్రార్థన మందిరంలో అందరికీ తెలుసు. బయటివాళ్ళకు కూడా తెలిస్తే బాగుంటుందని నాకు ఎప్పటినుంచో కోరిక.

మాది శంషాబాద్ పక్కన పాల్మాకుల. కొత్త ఎయిర్‌పోర్టు తెరిచాక రెండు మూడేళ్ళకు జరిగిన ముచ్చట ఇది. అక్క అప్పుడు ఎయిర్‌పోర్టులో ఊడ్చే, తుడిచే పనికి పోయేది. తెల్లారకముందే వ్యాను వచ్చి తీసుకుపోయేది. పండుగలకు, పబ్బాలకు కూడా డ్యూటీ చేసేది కానీ ఆదివారం మాత్రం పోయేది కాదు. సూపర్‌వైజర్‌తో ముందే మాట్లాడి పెట్టుకుంది. ఆదివారం మా మందిరంలో గిటారు వాయించేది అక్కే.

అక్క చిన్నప్పుడు మిషన్ హాస్టల్‌లో ఉండి చదువుకుంది. అక్కడి వార్డెనమ్మకు గిటారు వచ్చు. అందరు పిల్లలకూ నేర్పబోయింది. వేళ్ళు నొప్పి పుడుతున్నాయని అందరూ వదిలేశారు, అక్క వదల్లేదు. వార్డెనమ్మ రిటైరై పోతూ ఆ చెక్క గిటారు అక్క చేతిలో పెట్టి పోయింది. పెళ్ళయినా, పిల్లలు పుట్టినా, బావ దుబాయి పోయి అక్క మా ఇంటికి వచ్చినా ఆ గిటారు మాత్రం అక్కతోనే ఉంది. సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే మా మిద్దె మీద కూర్చుని వాయించేది. మధ్యలో విమానం వచ్చేది. అక్క తీగల మీద చెయ్యి పెట్టి ఆగేది. విమానం పోయాక ఎక్కడ ఆపిందో సరిగ్గా అక్కడినుంచే మళ్ళీ ఎత్తుకునేది. ఒక్కసారి కూడా మొదటికి పోయేది కాదు. కింద ఆటో కడుగుతూ నేను అది వినేవాణ్ణి.

పాటలో ఒక చరణం అయిపోయి ఇంకో చరణం మొదలయ్యేలోపు అందరూ ఊపిరి తీసుకుంటారు కదా, ఆ సందులో అక్క తన సొంతంగా ఒక చిన్న వరస వాయించేది. ఎవరో మెట్లు దిగి వాకిట్లోకి వచ్చి నిలబడ్డట్టు ఉండేది. అది ఎవరు నేర్పారని ఒకసారి అడిగాను.

"ఎవరు నేర్పలే తమ్మీ. ఊకె ఉండబుద్ధి కాక," అంది.

మిద్దె మీద వినబడే ఆ వరస మందిరంలో మాత్రం వినబడేది కాదు.

మా మందిరం చిన్నది. రేకుల కప్పు. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క చాపల మీద కూర్చుంటారు. ముందు బల్ల దగ్గర పాస్టరు అయ్యగారు నిలబడతారు. అక్క బల్ల పక్కన కుర్చీలో జనం దిక్కు తిరిగి కూర్చునేది. డోలకు వాయించేది మాకు వరసకు మామ అయ్యే ఒక పెద్దమనిషి. ఆయన చేతికి మంచి బలముంది. కొట్టాడంటే రేకులు కూడా తాళం వేస్తాయి. అక్క గిటారు పొట్టకు బొట్టుబిళ్ళంత మైకు ఒకటి అతికించి, దాని వైరు అయ్యగారి మైకు మిషన్లోనే పెట్టేది. గిటారు సౌండు పెంచితే ఆ మిషను కూ అని కూత పెట్టేది. కూత వస్తుందని తగ్గించేవాళ్ళు. తగ్గిస్తే ఏమీ వినబడేది కాదు. ఆపైన కీబోర్డు కూడా వచ్చింది. ఇగ అక్క చేతులు కదలడం కనబడేదే తప్ప చప్పుడు తెలిసేది కాదు.

ఒక ఆదివారం ఆరాధన అయిపోయాక అయ్యగారు అక్కను పిలిచారు. అయ్యగారు మంచి మనిషి. మెల్లగానే చెప్పారు.

"అమ్మా, నీ కష్టం నేను చూస్తూనే ఉన్నాను. వినబడనిదానికి చేతులు నొప్పి పెట్టుకోవడం ఎందుకు? నీ గొంతు బాగుంటుంది. కోత పండుగ నుంచి పాటల గుంపులో నిలబడు. గిటారు ఇంట్లో వాయించుకో."

అక్క "సరే అయ్యగారూ" అంది. నేను పక్కనే చాపలు చుడుతున్నాను. అక్క గిటారును సంచిలో పెట్టి జిప్పు గొలుసు వేసింది. ఎప్పుడూ ఒక్క గుంజుడుకు పడే గొలుసు ఆ రోజు మధ్యలో ఇరుక్కుంది. దాన్ని అక్కడే వదిలేసి సంచి చంకన పెట్టుకుని నడిచింది.

తలుపు దగ్గర చాప మీద కూర్చునే అవ్వ ఒకతి ఉండేది. ఊరందరికీ అవ్వే. చెవులు సగం పనిచేస్తాయి, నోరు మాత్రం పూర్తిగా పనిచేస్తుంది. మాట అంతా విన్నట్టుంది.

"ప్రార్థన నడుమ ఇమానం వొస్తే నోరు మూసుకొని ఆగుతరు. గీ పిల్ల గిటారుకు జర ఆగితే ఏం పోతది? ఇమానానికున్న ఇజ్జత్ గీమెకు లేదా?" అంది గట్టిగా. అయ్యగారు నవ్వి ఊరుకున్నారు.

అప్పుడు నాకు రాజేంద్రనగర్ ఆయన గుర్తొచ్చాడు. పెళ్ళిళ్ళలో, హోటళ్ళలో గిటారు వాయించే మనిషి. గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. శంషాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలుకు ఆయన సామాను ఒకసారి నా ట్రాలీలోనే వేసుకొచ్చాను. ఆ సామానులో నల్లటి డబ్బా ఒకటి ఉంది. గిటారు యాంపు అంటారని ఆయనే చెప్పాడు. ఆ రోజు బాజా మోగుతుంటే, జనం అరుస్తుంటే, వాటన్నిటి మధ్యలోనుంచి గిటారు ఒక్కొక్క తీగ వేరుగా వినబడింది. అన్నం తినడం ఆపి అక్కను తలుచుకున్నాను. ఫోన్ చేస్తే, ఆ డబ్బా అమ్మేద్దామనే అనుకుంటున్నానన్నాడు.

అక్కకు చెప్పాను. గిటారుకు వేరే డబ్బా, వేరే వైరు ఉంటే అయ్యగారి మైకుతో పనిలేదు, కూత కూడా రాదని మా ఇద్దరి లెక్క. పండుగ ఇంకా మూడు వారాలుంది. అక్క ఒక్క నిమిషం ఆలోచించి, "పోదాం పా. గని ఒక్క మాట. అక్కడ నేను వాయించ," అంది.

"వాయించకుంట ఎట్ల కొంటవ్ అక్కా?"

"మందిరానికి కొనే వస్తువు. దాంట్ల నా చెయ్యి మొదటిపారి పలికేది మందిరంలనే పలకాలె. ప్రథమ ఫలం రా."

ఇది మా వాళ్ళలో ఉన్న పద్ధతి. చేనులో మొదటి కంకి, చెట్టుకు మొదటి కాయ, కొలువులో మొదటి జీతం, ఏదైనా ముందు దేవుని బల్ల దగ్గరికి పోవాలి. ఆ తర్వాతే ఇంట్లోకి. అక్క ఎయిర్‌పోర్టులో మొదటి జీతం కూడా కవరు విప్పకుండానే ఇచ్చేసింది. అలాంటి మనిషితో ఇగ వాదించి లాభం లేదు.

రాజేంద్రనగర్‌లో ఆయన ఇల్లు వ్యవసాయ కాలేజీ దాటాక ఒక కాలనీలో కింది పోర్షను. మమ్మల్ని చూసి కుర్చీలు వేశాడు. యాంపు ఒక మూల పాత చీరతో కుట్టిన తొడుగులో ఉంది. తొడుగు తీస్తే మూలలు అరిగి ఉన్నాయి కానీ దుమ్ము కాస్త కూడా లేదు. ముందు జాలీ, పైన బొత్తాలు. వెనక సగానికి చెక్క లేదు, స్పీకరు వెనక భాగం కనబడుతోంది.

"హోటల్లో ఇప్పుడు వాళ్ళ సౌండే ఉందమ్మా. ఇది ఊరికే కూర్చుంటోంది. మోగకుండా కూర్చుంటే ఇవి పాడైపోతాయి. అందుకే ఇచ్చేస్తున్నాను. రండి, వాయించి చూసుకోండి."

అక్క తన పద్ధతి చెప్పింది. ఆయన నోరు తెరిచి చూశాడు.

"అమ్మా, ఇది ఎన్ని పెళ్ళిళ్ళు చూసిందో నాకే లెక్క తెలీదు. దీనికి ఇంకా మొదటి పలుకేమిటండీ?"

"అది మీ చేతిది సార్. నా చేతిది ఇంకా కాలే గద."

ఆయనకు నవ్వొచ్చింది. అయినా తీసి పారేయలేదు. "మరి ఎలా చూస్తారు?" అన్నాడు.

"మీరు వాయించండి. నేను ఇంటా."

ఆయన తన గిటారు తగిలించి వాయించాడు. ఎంత బాగా వాయించాడో చెప్పడానికి నాకు మాటలు రావు. తీగ మీద వేలు ఆనించి కొంచెం వణికిస్తే ఆ ధ్వని గదిలో అలాగే నిలబడి, తనంతట తానే సన్నగిల్లింది. అక్క కళ్ళు మూసుకుంది. తర్వాత లేచి యాంపు పక్కన కూర్చుని, దాని వెనక చెక్క మీద అరచెయ్యి పెట్టింది. ఒక్కొక్క బొత్తం మెల్లగా తిప్పమని అడిగింది. ఒక బొత్తం దగ్గర కరకరమని చప్పుడు వచ్చింది.

"నేనే చెప్పేవాణ్ణి," అన్నాడు ఆయన. "లోపల దుమ్ము. వాడకపోతే పడుతుంది." తీగ మీద వేలు ఆనించినంత మెత్తగా ఆ బొత్తాన్ని ఇటూ అటూ తిప్పుతూ కూర్చున్నాడు. తిప్పగా తిప్పగా కరకర తగ్గి పూర్తిగా పోయింది. "వారానికోసారి కరెంటు లేకుండా ఇలా తిప్పండి చాలు," అన్నాడు.

అక్క నా దిక్కు తిరిగింది. "తమ్మీ, నువ్వు పోయి ట్రాలీ మీద కొట్టు."

"ఏంది?"

"డోలకు లెక్క కొట్టురా. మామ ఎట్ల కొడతడో గట్ల."

బయటికి పోయి ట్రాలీ ఇనుప తట్ట మీద రెండు చేతులతో కొట్టాను. అక్క మా మందిరంలో పాడే పాట ఒకటి నోటితో అంటే ఆయన ఇట్టే పట్టుకుని వాయించాడు. అక్క గేటు దాటి, వీధి దాటి, ఎదురింటి గోడ దాకా పోయి నిలబడింది. అక్కడినుంచి "ఇంకా గట్టిగ!" అని అరిచింది. నా అరచేతులు మండుతున్నాయి.

పై పోర్షను ఆవిడ బాల్కనీలోకి వచ్చింది. "ఏమండీ, పెళ్ళివారు వచ్చారా?" అని అడిగింది.

"పెళ్ళి కాదండీ, బేరం," అన్నాడు ఆయన లోపలినుంచి, వాయించడం ఆపకుండానే.

అక్క తిరిగొచ్చింది. మొహం వెలిగిపోతోంది. "మా అవ్వ కూసునే కాడిదాక ఇనబడతది," అంది.

డబ్బులు ఇచ్చేశాం. బేరం ఎక్కువసేపు సాగలేదు. అక్క మందిరం పేరు చెప్పగానే ఆయనే తగ్గించాడు. ట్రాలీలో ఎక్కించేటప్పుడు ఒక మాట అన్నాడు.

"మీ గిటారుతో ఒక్కసారి చూసుకుని తీసుకెళ్తే బాగుండేదమ్మా. బొట్టు మైకు పెట్టిన చెక్క గిటార్లు కొన్ని కూత పెడతాయి. అది యాంపు తప్పు కాదు, గిటారు తప్పూ కాదు. కూర్చునే చోటు కుదరాలి. కుదిరే చోటు వెతుక్కోవాలి."

అక్క తల ఊపింది. నేనైతే అప్పుడే మర్చిపోయాను.

హిమాయత్ సాగర్ పక్కన రింగు రోడ్డు కిందుగా వచ్చాం. నా పక్కన సీటు ఖాళీగానే ఉంది. అక్క మాత్రం వెనక తట్టలో యాంపును పట్టుకుని కూర్చుంది. గుంత వస్తే డబ్బాను ఒళ్ళోకి లాక్కునేది. అద్దంలో చూస్తే అక్క పెదవులు కదులుతున్నాయి. లోపల పాట నడుస్తోందని తెలిసింది.

యాంపు కొన్నామని చెబితే అయ్యగారు, సరే, పండుగ రోజు వాయించి చూడమన్నారు. ఆ మూడు వారాలు యాంపు మా ఇంట్లో చీర తొడుగులోనే ఉంది. "ఒక్కపారి అక్కా, తలుపులేసి, జర మెల్లగ," అని నేనే బతిమాలాను. "మెల్లగ అయితే దేవునికి ఇనబడదా?" అంది అక్క. వారానికోసారి కరెంటు లేకుండా బొత్తాలు మాత్రం తిప్పేది. చప్పుడు రాని ఆ డబ్బా ముందు కూర్చుని, మెడ వంచి, ఆయన ఎంత మెత్తగా తిప్పాడో అంత మెత్తగా తిప్పేది.

కోత పండుగ రోజు మా మందిరం చూడాలి. బల్ల ముందు వరి కట్టలు, మక్క కంకులు, గుమ్మడికాయలు, టమాట గంపలు, కాళ్ళు కట్టిన రెండు కోళ్ళు. ప్రార్థన చేసి అర్పించాక చివరి దీవెన అయ్యేదాకా వాటిని ఎవరూ కదపరు. తర్వాత అన్నిటినీ అక్కడే వేలం పాట పెడతారు. పాడుకున్నవాళ్ళు ఇంటికి తీసుకుపోతారు.

పొద్దున్నే యాంపును ట్రాలీలో తెచ్చి మందిరం తలుపు దగ్గర దించాం. అక్క చీర మార్చుకోవడానికి ఇంటికి పోయిన టైంలో డోలకు మామ దాన్ని మోసుకొచ్చి ఆ పంట మధ్యలో పెట్టాడు. చుట్టూ బంతిపూలు కూడా వేశాడు. జాలీ ఉన్న ముఖాన్ని బల్ల దిక్కు తిప్పి పెట్టాడు.

"మామా, గది జనం దిక్కు ఉండాలె గావచ్చు," అన్నాను.

"దేవునికిచ్చిన సామాను దేవుని దిక్కు సూడాలె. జనాన్ని సూసుడు ఎందుకురా?" అన్నాడు. నాకూ అది నిజమే అనిపించింది. అయ్యగారు వచ్చారు, ప్రార్థన చేశారు. అక్క కొంగు సర్దుకుంటూ వచ్చేసరికే అర్పణ అయిపోయింది. ఇగ దాన్ని కదపడానికి లేదు.

అక్క బల్ల పక్కన తన కుర్చీలో కూర్చుంది. యాంపు ముఖం సరిగ్గా ఆమెకు ఎదురుగా ఉంది. వైరు పెట్టింది, బొత్తం పెంచింది, తీగ మీద వేలు ఆనించిందో లేదో కూ...! అని ఒక్క కూత. అయ్యగారి మైకు కూత దీని ముందు ఏపాటిదీ కాదు. పిల్లలు చెవులు మూసుకున్నారు. కోళ్ళు రెండూ లేచి గంపల మీద పడ్డాయి. అక్క తీగలన్నిటి మీదా అరచెయ్యి వేసింది. కూత ఆగింది. చెయ్యి తీసింది, మళ్ళీ కూత. అయ్యగారు అక్క దిక్కు చూసి చెయ్యితో మెల్లగా సైగ చేశారు, ఇగ వదిలెయ్యి అమ్మా అన్నట్టు. కీబోర్డు పిల్లాడు పాట ఎత్తుకోవడానికి వేళ్ళు పెట్టుకుని చూస్తున్నాడు.

ఆ డబ్బా ఊసు తెచ్చింది నేను. అక్క ఆ రోజు గిటారు దించితే మళ్ళీ మందిరంలో ఎత్తదు. ఆ సంగతి నాకు తెలుసు, అక్కకు తెలుసు.

అక్క దించలేదు. డబ్బాను ముట్టుకోలేదు. గిటారు పట్టుకుని కుర్చీలోంచి లేచింది. తీగ మీద ఒక వేలు మాత్రం ఉంచి, మెల్లగా ఒక అడుగు పక్కకు వేసింది. కూత వస్తే చెయ్యి మూసేది, ఇంకో అడుగు వేసేది. వరి కట్టలు దాటింది, గుమ్మడికాయలు దాటింది. మందిరమంతా ఆమెనే చూస్తోంది. అప్పుడు నాకు రాజేంద్రనగర్ ఆయన మాట గుర్తొచ్చింది. అక్క చోటు వెతుక్కుంటోంది. ఒక్కొక్క అడుగుకూ కూత సన్నబడింది. అక్క పంటను చుట్టివచ్చి యాంపు వెనక్కు, అంటే జనం దిక్కుకు వచ్చింది. ఆడవాళ్ళ మొదటి చాప దగ్గర కూత పూర్తిగా ఆగిపోయింది. పండుగని ఆ రోజు అవ్వను కూడా తలుపు దగ్గరినుంచి తెచ్చి ఆ చాప మీదే కూర్చోబెట్టారు.

"అవ్వా, జర జరుగు," అంది అక్క.

అవ్వ జరిగింది. అక్క ఆమె పక్కన బాసిపట్టు వేసుకుని, గిటారు ఒళ్ళో పెట్టుకుని, అందరిలాగే బల్ల దిక్కు తిరిగి కూర్చుంది. వైరు సరిగ్గా అక్కడిదాకే అందింది.

పాట మొదలైంది. యాంపు వెనక చెక్క లేదని చెప్పాను కదా, ఆ ఖాళీలోంచి ధ్వని మా దిక్కుకు వచ్చింది. ముందు జాలీలోంచి వచ్చేదాని కన్నా మెత్తగా, గుండ్రంగా ఉంది. అందరూ పాడుతున్నారు, మామ డోలకు వాయిస్తున్నాడు. చరణం అయిపోయి ఊపిరి తీసుకునే ఆ సందులో, మిద్దె మీద నేను మాత్రమే విన్న ఆ వరస వచ్చింది. ఎవరో మెట్లు దిగి వాకిట్లోకి వచ్చి నిలబడ్డట్టు. మామ చెయ్యి గాల్లోనే ఆగింది. ఏమీ పాడనివాళ్ళు కూడా తలలు తిప్పి అక్క దిక్కు చూశారు. తర్వాతి చరణానికి మామ అరచేత్తో కాకుండా వేళ్ళ కొసలతో వాయించడం మొదలుపెట్టాడు. ఆయన అంత మెల్లగా కొట్టగలడని మాకెవరికీ తెలియదు.

అవ్వ తన పనిచేసే చెవిని గిటారు దగ్గరికి వంచి పెట్టుకుంది. పాట అయిపోయేదాకా అలాగే ఉంది.

దీవెన అయ్యాక అయ్యగారు బల్ల దగ్గరినుంచి దిగి చాప దగ్గరికి వచ్చారు. వంగి అడిగారు.

"చరణానికీ చరణానికీ మధ్యలో ఏదో వాయించావు కదమ్మా. అది ఈ పండుగ కోసం నేర్చుకున్నావా?"

"లేదయ్యగారూ. అది ఎప్పుడూ వాయిస్తనే ఉన్న."

అయ్యగారు పాటల గుంపు మాట ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు.

ఇగ పాట పెట్టడం మొదలైంది. ఒక పెద్దాయన కోళ్ళు ఎత్తి చూపాడు, గుమ్మడికాయలు ఎత్తి చూపాడు. వరసగా వస్తూ యాంపు మీద చెయ్యి వేసి, "ఇగ గీ డబ్బా ఎవరికి?" అని నవ్వుతూ అరిచాడు.

"దాని మీదికెళ్ళి చెయ్యి తియ్యి కొడకా," అంది అవ్వ. "గది నా చెవి."

తర్వాతి ఆదివారం నేను యాంపును జనం దిక్కు తిప్పి పెట్టబోయాను. అక్క వద్దంది. బల్ల దిక్కే ఉండనివ్వమంది. బల్ల పక్కన కుర్చీ వేసే ఉంది కానీ అక్క అటు పోలేదు. అవ్వ ఆ రోజు కూడా తలుపు దగ్గరికి పోకుండా మొదటి చాప మీదే కూర్చుంది. పక్కన తన కొంగు పరిచి చోటు పట్టి ఉంచింది. అక్క వచ్చి ఆ కొంగు మెల్లగా ఎత్తి, ఆ చోట్లో కూర్చుని, గిటారు సంచి గొలుసు ఒక్క గుంజుడుకు తీసింది.